చుక్కల మాస్టారి ఐదు లీటర్లు

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ద్రావణాలు కలిపే పెద్దాయనని పిల్లలు చుక్కల మాస్టారు అనేవారు. ఒక్క చుక్క ఎక్కువైనా ఊరుకునే రకం కాదాయన. "లీటరు నీళ్ళు పోయడం వేరు, లీటరయ్యేదాకా నీళ్ళు పోయడం వేరు" అని చెప్పి చెప్పి పిల్లల చెవులకి తూట్లు పొడిచేవారు. ఇంట్లోనూ అదే వరస. ఆయన సిరప్ కొలిచి తెచ్చేలోగా భార్యకి దగ్గు దానంతటదే తగ్గిపోయేది.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకి ఆయన కూతురే కూర్చోవలసి వచ్చింది. పిల్లలు కనుక్కోవలసిన ద్రావణం గాఢత ఎంతో ఆయనకి తెలుసు. ఎక్కడ నోరు జారుతుందోనని వారం ముందునుంచే ఇంట్లో మాటలు మానేశారు.

"మీ నాన్నకేమైందే?" అంది తల్లి.

"పరీక్ష నాకో ఆయనకో నాకూ అర్థం కావట్లేదమ్మా."

తమాషా ఏమిటంటే, ఆ గాఢత ఏటా ఒకటే: పాయింట్ ఒకటి. పై తరగతివాళ్ళు కింది తరగతివాళ్ళకి చెప్పేస్తూనే ఉన్నారు. కాలేజీ అంతటికీ తెలిసిన రహస్యాన్ని ఈయనొక్కరే కంటికి రెప్పలా కాపాడుతున్నారు.

పరీక్ష రోజు పొద్దున ఆయన పని చిన్నదే. అర లీటరు చిక్కటి ద్రావణం జాడీలో పోసి, మొత్తం ఐదు లీటర్లయ్యేదాకా నీళ్ళు కలపాలి. పదోవంతుకి పలచబడుతుంది. కూతురు కంగారులో పిప్పెట్ గొట్టం విరగ్గొట్టుకుంటుందేమోనని బెంగపడుతూనే ఆ పని కానిచ్చారు.

సాయంత్రం ఎగ్జామినర్ మేడమ్ ల్యాబులోనే, పిల్లల ఎదుటే కాగితాలు దిద్దుతుంటే పక్కన నిలబడ్డారు. అందరి జవాబూ పాయింట్ ఒకటే. ఒక్క కాగితం మీద మాత్రం పాయింట్ సున్నా తొమ్మిది ఒకటి. అది కూతురిది.

"ఈ అమ్మాయికి కొలవడం రానట్టుంది" అంటూ మేడమ్ ఎర్రపెన్ను ఎత్తారు. ఇందులో తప్పితే ఏడాదంతా పోయినట్టే. చుక్కల మాస్టారు ఆ కాగితం మీదికి వంగారు. అలవాటు కొద్దీ ఆ అంకెని మనసులో వెనక్కి లెక్కగట్టారు. జాడీలో ఐదున్నర లీటర్లు ఉంటే తప్ప ఆ జవాబు రాదు. అప్పుడు గుర్తొచ్చింది. తాను పోసింది ఐదు లీటర్లయ్యేదాకా కాదు, ఐదు లీటర్ల నీళ్ళు.

నోరు మూసుకుంటే ఇన్నేళ్ళ పరువు నిలుస్తుంది. నోరు విప్పితే రేపటినుంచి పిల్లకాయలకి తానే పెద్ద జోకు. ఆ ఎర్రపెన్నుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"మేడమ్, ఆ అమ్మాయి లెక్క సరైనదే. నీళ్ళు ఎక్కువ పోసింది నేను."

"మరి మిగతా అందరికీ పాయింట్ ఒకటి ఎలా వచ్చిందండీ?"

దొంగ రీడింగులు రాసినవాళ్ళంతా తలలు దించుకుని, మళ్ళీ చెయ్యమని చెప్పకముందే బ్యూరెట్లు కడగడానికి బయల్దేరారు.

మేడమ్ ఒకసారి కూతురి మొహం, ఒకసారి ఆయన మొహం చూశారు. "మీ అమ్మాయా?"

"అవునండీ."

"అయితే జవాబు మీరే చెప్పి ఉండచ్చుగా?"

"ఎలా చెప్తానండీ? ఇందాకటిదాకా నాకే తెలీదు."

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వుతూనే పూర్తి మార్కులు వేశారు.