బీట పడిన రికార్డు

మా తప్పెటగుళ్ళ గురువు పోయారు. జబ్బు చేసి కాదు, కొడితే పోయారు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి సంబరంలో ఆయన జట్టు ఆడుతుంటే, పక్కనే డీజే బాక్సులు పెట్టి హోరెత్తించారు. ఆపమన్నారు, ఆపలేదు. వెళ్ళి ఒక బాక్సును కాలితో తన్ని పడగొట్టారు. తాగి ఉన్నవాళ్ళు కర్రలతో తల పగలగొట్టారు. ఆసుపత్రిలో ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. ‘ప్రశాంతంగా కన్నుమూశారు’ అని ఎవరో ఫోన్లో మెసేజ్ పెట్టారు. పెట్టినవాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ప్రశాంతానికీ ఆయనకూ ఏనాడూ పడలేదు. గుండ్రటి రేకు తప్పెటను గుండెకు కట్టుకుని, రెండు చేతులతో బాదుతూ, కాళ్ళ గజ్జెలతో ఎగిరెగిరి పాడే ఆట మాది. నేర్చుకోవడానికి వెళ్ళిన మొదటివారమే నా రొమ్ము నల్లగా కమిలిపోయింది. మెల్లగా కొడితే వీపు మీద ఆయన చెయ్యి పడేది. “ఒరే, దోమల్ని తోల్తన్నావేటి? కొట్రా! రేక్కి కాదు, నీకు తగలాల!” అని అరిచేవారు. ఆట అయ్యాక అదే చేత్తో కొబ్బరినూనె రాసేవారు. తన తప్పెటను మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. సొట్టలన్నీ బొటనవేలితో తోసి సరిచేసి, భార్య పాతచీర ముక్కలో చుట్టి అటక మీద పెట్టుకునేవారు. ఆయన దెబ్బలు తిన్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

తర్వాత నేనూ నా స్నేహితులూ గిటార్ల మధ్య తప్పెట పెట్టి కొత్తరకం జానపదం మొదలుపెట్టాం. ఒక పాటను పాతకాలం పద్ధతిలో వినైల్ రికార్డుగా, కొద్ది కాపీలే వేయిద్దామనుకున్నాం. ఒకవైపు మా పాట, రెండోవైపు అచ్చంగా గురువుగారి తప్పెట.

విశాఖలో స్టూడియోకి తీసుకెళ్ళాం. రికార్డింగ్ చేసే ఆయన కొంచెం మెల్లగా వాయించమని బతిమాలాడు.

“మెల్లగా కొట్టడానికి ఇదేటి, పసిపిల్లడి ఈపా?”

“మరీ గట్టిగా కొడితే రికార్డు మీద సూది ఎగిరిపోతుందండీ.”

“ఎగరనీ. నాను ఎగరట్లేదా?”

ఎగిరారు. మైకు స్టాండు కిందపడింది. మీలో ఎవరి దగ్గరైనా ఆ రికార్డు ఉంటే, రెండోవైపు చివర్లో వినబడే దభేల్‌మన్న చప్పుడు ఆ స్టాండుది, వెంటనే వచ్చే బూతు గురువుగారిది. రెండూ తియ్యబుద్ధి కాలేదు.

రికార్డు వచ్చిన రోజు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. నల్లగా, గుండ్రంగా ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చూస్తుండగానే గుండెకు ఆనించుకుని, అలవాటుగా ఒక్కటిచ్చారు. అంచు నుంచి లోపలిదాకా బీట పడింది.

“ముసిలోడా, అది కొట్టీది కాదు, ఇనీది!” అని ఆయన భార్య పడీపడీ నవ్వింది. ఆమెను మేమంతా అత్త అంటాం.

“మోగనేదేటిరా?” అన్నారాయన బిక్కమొహం వేసుకుని.

“మీ దెబ్బలే ఉన్నాయి గురువుగారూ దీన్లో.”

బీట మీద వేలు పెట్టి తడిమారు. “అయితే నన్ను నానే కొట్టుకున్నానన్నమాట,” అన్నారు. వేరేది ఇస్తానంటే ఒప్పుకోలేదు. దాన్నే తప్పెట పక్కన, అదే చీరముక్కలో పెట్టుకున్నారు.

మా జట్టులో ఒక ఆచారం ఉంది. గురువు పోతే, పాడె లేపేముందు ఆయన తప్పెటను వీధిలో పెట్టి రాయితో నలగ్గొట్టాలి. మోగేది మిగిలితే పోయిన మనిషి వెనక్కి తిరిగొస్తాడని నమ్మకం. గురువుగారి అన్న రాయి ఎత్తి ఒక్కో దెబ్బా వేస్తుంటే, పాడె మీద కట్టుకట్టిన ఆ తల పక్కనే రేకు నలిగిపోయింది. నేను చూడలేకపోయాను.

“ఆ నల్ల పళ్ళెం కూడా తెండి. అందులోనూ ఈడి దెబ్బే ఉన్నాది,” అన్నాడాయన రొప్పుతూ.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. రికార్డును రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

“ఇరగ్గొడితే ముందు నా రొమ్ము ఇరగ్గొట్టు, బావా.”

“ఎనక్కి తిరిగొస్తాడే!”

“రానీ. నానెప్పుడొద్దన్నాను?”

ఆయన చేతిలోని రాయి కిందపడేశాడు. పాడె లేచింది. అత్త కంట నీటిచుక్క రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు దానిమీద కూడా గుసగుసలాడారు.

పెద్దకర్మ అయ్యాక నా రికార్డ్ ప్లేయర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రెండోవైపు పెట్టాను. బీట వచ్చినప్పుడల్లా సూది టక్‌మంటోంది. ఆ టక్కుల మధ్యనుంచే గురువుగారు ఉరికొచ్చారు. స్టాండు పడింది, బూతు వినబడింది, అత్త పెదవి కాస్త వంకర తిరిగింది. తప్పెట ఆగిపోయాక సూది చివరి గీతలోనే చిక్కుకుని, రికార్డు గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. ఇక బీట చప్పుడొక్కటే. తీసేద్దామని చెయ్యి చాపాను.

“ఉండనీ,” అంది అత్త.

టక్. ఆమె అరచెయ్యి గుండె మీద పడింది. మళ్ళీ టక్. ఈసారి ఇంకా గట్టిగా. నోట్లోంచి ఏడుపు అప్పుడు వచ్చింది, ఇన్నాళ్ళదీ ఒకేసారి. రవిక అంచు పైన చర్మం ఎర్రగా కందిపోతోంది. నేను ఆపలేదు. రికార్డు తిరుగుతూనే ఉంది, టక్‌మన్నప్పుడల్లా అత్త చెయ్యి పడుతూనే ఉంది.