నాయిన నెట్టిన కారు

ఆ రోజుల్లో నీకు దేనికి భయమని ఎవరైనా అడిగితే పామనో దయ్యమనో చెప్పేదాన్ని కాదు, నా ఎడమ పాదమని చెప్పేదాన్ని. క్లచ్ మీద ఉన్నంతసేపూ అది నా మాట వినేది కాదు. మెల్లగా లెమ్మంటే ఎగిరి లేచేది, త్వరగా లెమ్మంటే మేకు కొట్టినట్టు కూర్చునేది. ఇప్పుడు సూరత్ ఈ కొస నుంచి ఆ కొస దాకా కారు తిప్పుతున్నాను, ముందువాడు సందివ్వకపోతే వాణ్ని మూడు భాషల్లో తిడుతున్నాను కూడా. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, అరికాళ్లకు చెమటా పడుతుంది.

డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. మా నవాగామ్ గదుల్లో ఇంట్లో కూర్చోవడమంటే నిజంగా కూర్చోవడమే. అమ్మతో పాటు నేల మీద చీర పరుచుకుని పొద్దస్తమానం జిగురుతో తళుకు రాళ్లు అంటించాలి. ఎంత కడుక్కున్నా ఆ జిగురు వాసన అన్నంలోకి వచ్చేది. ఇక జన్మంతా ఇంతేనా అని ఏడుపొస్తున్న సమయంలో కడోదరాలో ఒక చీరల ఆఫీసులో పని ఉందని తెలిసింది. రంగుల మిల్లులు తిరిగి, అద్దిన గుడ్డ ముక్కలు తెచ్చి, రంగు కుదిరిందో లేదో చూసే పని. మాలిక్, అంటే ఆ ఆఫీసు యజమాని, నా మార్కుల వంక చూడనే లేదు. "గాడీ ఆవడే ఛే?" అన్నాడు, కారు నడపడం వచ్చా అని. "శీఖు ఛూ" అన్నాను, నేర్చుకుంటున్నానని. (అది అబద్ధం కాదు. అంతకుముందు ఆదివారమే మొదలుపెట్టాను. ఆ ఆదివారం కారు కదలలేదు, అంతే.) వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున ఏదో ఒక కారు నేనే నడుపుకుంటూ గేటు ముందుకు వస్తే పని నాదని, రాకపోతే వేరేవాళ్లు చాలామంది ఉన్నారని హిందీలో తేల్చేశాడు.

నా గురువు మా మేనమామ. మార్కెట్టుకు చీరల మూటలు మోసే టెంపో నడిపేవాడు, అందుకని వాడకట్టంతా టెంపో మామ అనేది. ఆ టెంపో పొద్దున్నే దానంతటది ఎన్నడూ స్టార్టయ్యేది కాదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా నాయిన వెనక నుంచి రెండు చేతులూ పెట్టి నెడితేనే దగ్గి, తుమ్మి, లేచేది. నాకు నేర్పడానికి మామ తన దోస్తు దగ్గర ఒక పాత కారు అడిగి తెచ్చాడు. దాని హ్యాండ్ బ్రేక్ లాగితే కిర్రుమనేది తప్ప పట్టేది కాదు. "మామా, ఇది పనిచేస్తలేదు" అంటే, "చేతికేదో పనుండాలె గదా అని పెట్టిండ్రు తియ్, నువ్వు కాలును నమ్ముకో" అన్నాడు. నేను నమ్మలేనిదే ఆ కాలును కదా!

పాండేసర వైపు ఒక ఖాళీ జాగాలో మా చదువు సాగింది. "క్లచ్ మెల్లగ ఇడువు కోడలా. జర సేపట్ల బండి వణుకుతది. గప్పుడు బ్రేక్ మీది కాలు తీసి రేసియ్యాలె. వణుకకముందే తీసినవనుకో, ఎత్తు మీద ఎనుకకు వోతది" అనేవాడు మామ. నేను ఏడుపు మొహంతో, "అరే మామా, నేనే వణుకుతున్న గదా! ఆ వణుకు బండిదో నాదో నాకెట్ల తెలుస్తది?" అనేదాన్ని. బండి కప్పలా ఎగిరి ఆగిపోయేది. షిఫ్టుకు సైకిళ్ల మీద పోయే మనుషులు ఆగి, చూసి, మాకు దూరంగా చుట్టు తిరిగి పోయేవారు. చదును నేల మీద ఎలాగో గాడిన పడ్డాను గానీ, ఎత్తు పేరెత్తితే మాట మార్చేదాన్ని. నవాగామ్ నుంచి కడోదరా పోవాలంటే మధ్యలో రైలు పట్టాల మీద ఓవర్‌బ్రిడ్జి ఉంది. నెల పొడుగునా ఆ బ్రిడ్జి నా కలల్లోకి వచ్చింది. కలలో అది నిట్టనిలువుగా గోడలా ఉండేది, నేను దాని మీది నుంచి వెనక్కి, వెనక్కి జారుతూ ఉండేదాన్ని.

సోమవారం రానే వచ్చింది. మామ నా పక్కన కూర్చున్నాడు. షిఫ్టు దిగి వచ్చిన నాయిన తల్లో దారప్పోగులైనా దులుపుకోకుండా వెనక సీట్లో ఎక్కాడు. "నా బిడ్డకు పనిచ్చేటోని మొకం నేను సూడొద్దా?" అని ఆయన పట్టు. అమ్మ కారుకు నిమ్మకాయ కట్టి, "పైలం తమ్మీ, ఇద్దర్నీ మల్ల తీస్కరా" అని మామకు చెప్పింది. (నడిపేది నేనైతే అప్పగింతలు మామకు!) నాయినకు మాత్రం ఏ బెదురూ లేదు. ఇరవై ఏళ్లు సాంచెల మధ్య నిలబడి నేసిన మనిషి, ఆ మరమగ్గాల మోతకు చెవులు దాదాపు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. ఊరంతా నా మీద హారన్ కొడుతుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ హాయిగా నవ్వుకుంటున్నాడు.

బ్రిడ్జి సగం ఎక్కాక ముందు ఆటో ఆగింది, నేనూ ఆగాను. ఆటో పోయింది, నేను పోలేదు. బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది. బ్రేక్ మీద కుడికాలు బిగబట్టి మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ చచ్చిపోయింది. వెనక ఒక లారీ, దాని హారన్ నా వెన్నులోంచి దూసుకుపోతోంది. "ఏం గాదు, ఏం గాదు" అంటూ మామ ఆ పట్టని హ్యాండ్ బ్రేకునే లాగుతున్నాడు. అంతలో వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. ఏందా అని అద్దంలో చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయిన కిందికి దిగి, కారు వెనక్కి పోయి, లారీ వాణ్ని ఒక చేత్తో ఆగమని సైగ చేసి, రెండు అరచేతులూ మా వెనక అద్దానికి ఆనించి నిలబడ్డాడు. బండి ఆగితే నెట్టాలి. బండ్ల గురించి ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే.

"బావా! పక్కకు జరుగు బావా!" మామ కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు. దిగుదామంటే ఆయన వైపు బ్రిడ్జి గోడ, తలుపు జానెడు కూడా తెరుచుకోదు. నేను "నాయినా! నాయినా!" అని గొంతు చించుకున్నాను. ఆ చెవులకు లారీ హారనే వినబడలేదు, నేనేం వినబడతాను! చేయి ఊపాను. ఆయన సరే సరే అన్నట్టు తలూపి నడుం ఇంకా వంచాడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు, నాకు వెనుక నాయిన. నా కాలు రవ్వంత తప్పితే కారు ఆయన మీదికే పోతుంది, ఆయన వెనక లారీ. ఉద్యోగం, జిగురు, మాలిక్, అన్నీ మరిచిపోయాను. దేవుడా, ఇన్ని రాళ్లు అంటించాను, ఇంకో జన్మంతా అంటిస్తాను, మా నాయినను ఒక్కణ్ని కాపాడు అని మొక్కుకున్నాను.

భయం మరీ ఎక్కువైతే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. నా ఒళ్లు వణకడం మానేసింది. చేతులు, మోకాళ్లు, పళ్లు, అన్నీ నిలిచిపోయాయి. స్టార్ట్ చేసి, గేరేసి, ఎడమ పాదం వెంట్రుక వాసి చొప్పున లేపుతుంటే, కాలి కింద సన్నగా ఏదో వణికింది. నేను వణకడం లేదు కాబట్టి ఆ వణుకు బండిదే. బ్రేక్ మీది నుంచి కాలు తీశాను. కారు ఇంచు కూడా వెనక్కి పోలేదు. ముందుకే, మెల్లగా, మూలుగుతూ కదిలింది.

కదిలింది సరే, ఆపే ధైర్యం ఎవరికుంది? "ఆపు కోడలా, బావ ఆడనే ఉండె!" అని మామ మొత్తుకుంటున్నా బ్రిడ్జి దిగేదాకా ఆపలేదు. దిగువన చాయ్ బండి పక్కన ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. కాసేపటికి అదే లారీ వచ్చి ఆగింది. అందులోంచి నాయిన దర్జాగా దిగి, వెనక్కి తిరిగి డ్రైవరుకు సలాం కొట్టి, మా దగ్గరికి వచ్చాడు. "సూసినవా బిడ్డా? గట్టిగ ఒక్క నూకుడు నూకిన, ఎక్కింది! ఏడుస్తున్నవేంది, పిచ్చిదానా?" మామ ఏదో అనబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. నాయిన చెవి దగ్గర నోరు పెట్టి, "నువ్వు నూకబట్టే ఎక్కింది నాయినా!" అని అరిచాను. చాయ్ బండి దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు.

కడోదరాలో మాలిక్ గేటు బయటే నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆయన ముందుకు వచ్చేసరికి బండి ఎగిరి ఆగిపోయింది. అది ఆగీ ఆగకముందే నాయిన దిగి వెనక్కి పోయి అరచేతులు పెట్టేశాడు. మాలిక్ ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూసి, "యే భీ రోజ్ ఆయేంగే క్యా?" అన్నాడు. ఈయన కూడా రోజూ వస్తాడా అని. నాకు వచ్చిన నవ్వు చూసి మాలికూ నవ్వాడు, పని ఇచ్చాడు.

నాయిన సాంచెలు మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు నా సొంత కారుంది, హ్యాండ్ బ్రేక్ కూడా పడుతుంది. ఆదివారాలు నా పక్క సీట్లో కూర్చుని అటూ ఇటూ చూసుకుంటూ వస్తాడు. ఆ బ్రిడ్జి మొదలవగానే మాత్రం కాస్త ముందుకు వంగి, రెండు అరచేతులూ డ్యాష్‌బోర్డుకు గట్టిగా ఆనిస్తాడు. నేను క్లచ్ వదులుతాను, ఆయన నెడతాడు. బండి ఎక్కుతుంది.