నాలుగో విస్తరి

మొన్న పనిమీద బెజవాడ గవర్నర్‌పేటలో తిరిగి తిరిగి ఒక మెస్సులో కూర్చుంటే, అడ్డాకు విస్తట్లో పొగలు కక్కే ఉప్మా వడ్డించారు. వేడికి ఆకు కమిలిన ఆ వాసన తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ నాకు తొమ్మిదేళ్ళు, చుట్టూ నీళ్ళు.

ఉప్పెన వెళ్ళాక మా ఊళ్ళో నిలిచినవి చర్చీ, దాని పక్కన రెండు గదుల బడీ మాత్రమే. తడి గోనెసంచుల కంపు, బ్లీచింగ్ పౌడర్ ఘాటు, పసిపిల్లల ఏడుపు, పూటపూటా పెద్దల ప్రార్థన, అన్నీ ఆ రెండు గదుల్లోనే. బయట ఏం కాలుస్తున్నారో పిల్లలు చూడకూడదని కిటికీలకు పాత చీరలు కట్టేశారు. క్రిస్మస్‌కి రంగుకాగితాలు అంటించుకోవలసిన రోజుల్లో నేనూ తమ్ముడూ ఆ చీరల మీది పూలు చూస్తూ కూర్చున్నాం. గాలి ముదిరిన రోజు, గేదెల పలుపులు విప్పి వస్తానని పాక దగ్గరికి వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు.

బెజవాడలో బట్టలకొట్టున్న మస్తాన్ గారు అక్కడే ఉండి ఉప్మా వండించి, మనిషికొక విస్తరి చొప్పున వడ్డించేవారు. మా ముగ్గురికీ పెట్టాక అమ్మ ప్రతిపూటా అడిగేది.

"ఇంకో ఆకెయ్యండి బాబుగారూ. మా ఆయన ఆకలితో వస్తారు."

"అట్టాగేనమ్మా," అని ఆయన తలెత్తకుండా గరిటెనిండా పెట్టేవారు.

ఆ నాలుగో విస్తరి మరుపూట దాకా గోడవారన మూతకింద ఉండేది. కొత్తది వచ్చాక, చల్లారి గట్టిపడ్డ పాతది అమ్మ తిని, తన వంతు మాకు పెట్టేది.

మైలవరం నుంచి మామయ్య రెండుసార్లు వచ్చాడు. "పామర్రు దాకా నడిస్తే బస్సుందమ్మా, పిల్లల మొహం చూడు," అని బతిమాలాడు.

"ఆయనొచ్చి మమ్మల్ని ఎక్కడని ఎతుక్కుంటారన్నయ్యా?" అని అమ్మ కదల్లేదు.

గేదెల్ని విప్పడానికి వెళ్ళిన మనిషి మమ్మల్ని కట్టేసి పోయాడు. నాకు అమ్మానాన్నలిద్దరి మీదా కోపం వచ్చేది. దాపరికమెందుకు, నాన్న మీదే ఎక్కువ.

మామయ్య రెండోసారి ఒంటరిగా వెనుదిరిగిన మధ్యాహ్నం, అమ్మ నీళ్ళకు వెళ్ళగానే మూత తీసి నాన్న ఉప్మా అంతా తినేశాను. తిని, భోజనం అయిపోయినవాళ్ళు మడిచినట్టే ఆ విస్తరి మడిచేశాను.

అమ్మ వచ్చి చూసింది. కొడుతుందనుకున్నాను. తడి కొంగుతో నా వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది.

సాయంత్రం మస్తాన్ గారు అడక్కుండానే నాలుగో ఆకు పరిచారు.

"వద్దు బాబుగారూ. మూడే," అంది అమ్మ.

ఆయన పరిచిన ఆకు మళ్ళీ తీసేశారు. మర్నాడు మేం బురదలో పామర్రుకి నడిచాం. దారంతా, ఆ తర్వాత చాలా ఏళ్ళు కూడా, నాన్నను నేనే చంపేశానని అనుకున్నాను.

ఇప్పుడు ఆ బడి లేదు, ఆ చోట రెండంతస్తుల తుపాను షెల్టరు కట్టారు. అడ్డాకులు కుట్టేవాళ్ళూ తగ్గిపోయారు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ విస్తరి సంగతి ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు.

మెస్సులో వడ్డించే పెద్దాయన నా పక్కన ఖాళీ కుర్చీ చూసి, "ఇంకెవరన్నా వస్తారాండీ? ఆకెయ్యమంటారా?" అని అడిగాడు.



"వెయ్యండి," అన్నాను.