పరదా అవతలి కొస పట్టిన లైటు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. గిది అల్లిన ముచ్చట కాదు. తినే అన్నం మీద ఒట్టు... నా కండ్లతోని చూసిన.

మాది గూడూరు దిక్కు, అడివి అంచుకు. మిర్చి ఏరి కల్లంల ఆరబోసినం. ఏడాది కష్టమంత నేల మీద ఎర్రగ పరిచి ఉన్నది. ఒక్క వాన పడితే నల్లబడి, బూజు పట్టుడే. అందుకే నేను, మా ఆయన కల్లం కాడనే పండుకున్నం.

నడిజాము... ఉరిమింది. లేచి నెత్తికి లైట్లు కట్టుకున్నం. మిర్చి మీద వాన పరదా కప్పి గుంజాలంటే రెండు చేతులూ కావాలె గదా.

"నువ్వు గీ కొస పట్టు. గుడిసె ఎనుక బండలున్నయి, తీస్కొని అవతలి కొసకు పోత" అన్నడు.

"జల్ది పో! నీ నడకకు వానే నయం, ముందుగాల వస్తది" అన్న.

గాలి. పరదా టపటప కొట్టుకుంటాంది. చినుకులు షురువైనయి. అవతల లైటు వెలిగింది. నేను గుంజిన... ఆ కొస కూడ గుంజింది. నేను వంగిన... అదీ వంగింది.

"ఏమయ్యా, బండ పెట్టినవా?"

ఆ లైటు మల్ల వంగి లేచింది.

నెత్తి లైటుతోని ఎదురుపడితే మేము ఎవలి లైటుకు ఆళ్ళం అరచెయ్యి అడ్డం పెట్టుకుంటం. లేకుంటే ఎదుటి మనిషి మొకం కానరాదు, ఉత్త వెలుతురే. కని నా చేతులు పరదాకే ఉండె. ఆ లైటు నన్నే చూస్తాంది. కాయల ఘాటుకు నాకు తుమ్ము మీద తుమ్ము. అవతల... ఒక్క దగ్గు లేదు.

అప్పుడు నా ఎనుకకెల్లి...

"ఏమేయ్! గట్టు తట్టి పడ్డనే! లైటు ఆరిపోయింది. జర ఇటు సూపియ్యి!"

మా ఆయన గొంతు. నా ఎనుక.

ముందట లైటు అట్లనే ఉన్నది. పరదా బిగుతుగనే ఉన్నది. ఇడిస్తె పంట పాయె. ఇడవకుంటె... నేనేమైత?

ఇడవలే. మోకాలితోని కొస అదిమిపట్టి, ఒక చెయ్యి తీసి నా లైటుకు అడ్డం పెట్టిన. మనిషికి మనిషి చేసే మర్యాద గదా.

అవతల లైటు గూడ... మెల్లగ... మూసుకున్నది. చేతి ఏళ్ళ సందులకెల్లి ఎర్రగ మెరిసినట్టు. గంతే. మల్ల చీకటి.

తెల్లారి చూస్తె కాయ ఒక్కటి తడవలే. "తడి పరదా మీద నీ లైటే మెరిసింది, పిచ్చిదాన" అంటడు మా ఆయన. మరి ఆయన పోనే పోని ఆ కొస మీద వరుసగ నాలుగు బండలు ఎవలు పెట్టిరి? పక్క తండాల గూడ అడిగిన. ఎవ్వరం రాలేదన్నరు.

నాకైతే ఇప్పటికీ ఎరుక లేదు, బిడ్డా.

మీ కల్లం తడవకుండ, మీ ఇల్లు సల్లగుండాలె. మీ పరదాకు అవతలి కొస పట్టెటోళ్ళు ఎన్నడూ కరువు కావద్దు... ఆళ్ళ మొకం గూడ మీకు కానరావాలె.