మేస్త్రీ కట్టిన చివరి ఇంజన్

మా లారీ మేస్త్రీ పోయారు. ఆ మాట ఫోన్లో చెప్పింది ఆయన భార్యే. "మీ మేస్త్రీ తెల్లారి లెగనేదు బాబూ" అంది. ఆవిడే మళ్ళీ, "రాత్రి నీ బండి గురించే సెప్పి పడుకున్నారు. ఆ బండి అలాగొగ్గీకు, కొండ ఎక్కించీ" అంది. అంతకుముందు సాయంత్రమే ఆయన నా లారీ ఇంజన్ విప్పి మళ్ళీ కట్టడం ముగించారు. కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ "రేపు పొద్దున్నే గాలికొండ ఎక్కించీద్దాం" అన్నారు. పొద్దున్న అయింది, ఆయన లేరు.

అరకులో సంతకు వెళ్ళే దారిలో బోర్డు లేని రేకుల షెడ్డు ఆయనది. పెదబయలు వైపు కొండ ఊరి నుంచి కుర్రతనంలో వచ్చి, చూసి చూసి పని నేర్చుకున్నారట. ఘాట్ రోడ్డు మీద తిరిగే జీపుల్లో, లారీల్లో ఆయన చెయ్యి పడనివి తక్కువ. బండి ఎక్కగానే చెప్పులు విప్పేసి, ఎడమ సీట్లో కూర్చుని, రెండు పాదాలూ కింద ఇనుప రేకుకు ఆనించేవారు. "సెవులకి వంద సప్పుళ్లు ఇనబడతాయి. పాదాలకి ఇంజనొక్కటే" అనేవారు. మెచ్చుకోవడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. ఇంజన్ బ్రహ్మాండంగా కుదిరితే కిందికి దిగి, "మరి ఎల్లు" అనేవారు. ఆ రెండు మాటల కోసం మేం డ్రైవర్లం పడి చచ్చేవాళ్ళం.

నాకు ఆ మాట దక్కలేదు. ఎందుకో చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడైనా చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట ఇదే లారీకి ఆయన మొదటిసారి ఇంజన్ కట్టారు. కొత్తగా కట్టిన డీజిల్ ఇంజన్లో పిస్టన్ల రింగులూ, అవి పైకీ కిందికీ ఆడే సిలిండర్ల లోపలి గోడలూ ఒకదానికొకటి అలవాటు పడాలి. దానికి బరువు కావాలి, ఎత్తు కావాలి. సగం లోడు వేసి కొండ ఎక్కించాలి. ఊరికే ఆన్‌లో నిలబెడితే ఆ గోడలు నున్నబడిపోతాయి, రింగులు ఇక జన్మలో పట్టవు, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఇదంతా ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. తలూపి ఏం చేశానయ్యా అంటే, పూజ పెట్టించాను.

ఆయన స్నానానికి ఇంటికి వెళ్ళారు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వచ్చిన ప్రతి చుట్టాన్నీ సీట్లో కూర్చోబెట్టి ఫోటోలు తీయించాను. బండి పాడుతోందని నా మురిపెం. మేస్త్రీ తడి తలతో పరిగెత్తుకొచ్చారు.

"ఏటి సేత్తన్నావురా! ఎంతసేపయింది?"

"గంట కాలేదు మేస్త్రీ గారూ..."

ఆయన కేబిన్లోకి దూరి ఇంజన్ ఆపేశారు. తిట్టలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. లోడు వేసి గాలికొండ దాకా ఎక్కించాం. పైన ఆగాక ఇంజన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తీసి, దాన్ని తిరగేసి ఆ కన్నం మీదే పెట్టారు. రింగులు సరిగా పట్టి ఉంటే లోపలి గాలి పైకి తన్నుకురాదు, మూత కుదురుగా ఉండాలి. మాది అన్నం గిన్నె మీది మూతలా ఎగిరెగిరి పడింది. ఆయన దాన్ని తీసి బిగించి, "మరి ఎల్లు" అనకుండానే కిందికి దిగారు.

ఆ ఇంజన్ ఏళ్ళ తరబడి ఆయిల్ తాగుతూనే నడిచింది. వెనక నీలం పొగ చూసి తోటి డ్రైవర్లు "మేస్త్రీ చెయ్యి పోయిందిరా" అనేవారు. ఒకసారి టీ కొట్టు దగ్గర ఆయన ముఖం మీదే అన్నారు. "ఒక్కోటి అలాగవుద్ది" అని ఆయన టీ తాగారు. పక్కన నేనూ తాగాను. తర్వాత సిగ్గేసి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. "సెప్పితే ఇంజను బాగవుద్దేటి? ఈసారి కట్టినప్పుడు సరిగా ఎక్కించు, సాలు" అన్నారు. అయ్యా, తప్పు ఆయన చేతిది కాదు, నాది. రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

అందుకే ఈ రెండోసారి కట్టిన ఇంజన్ నాకు ప్రాణం మీదికి వచ్చింది. ఇది కూడా ఆయిల్ తాగితే, దిద్దడానికి ఆయన లేరు. ఆయన పేరు మీద ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది.

దినకార్యం అయిన మర్నాడు పొద్దున్నే సగం లోడు కాఫీ గింజల బస్తాలు ఎక్కించాం. మా ఆవిడ కొబ్బరికాయ తెచ్చింది. నా ముఖం చూసి నవ్వింది. "ముందు కాయ కొట్టీసి, తర్వాతే స్టార్ట్ సేద్దాం. నేను మర్సిపోనేదు" అంది. కాయ పగిలింది. డీజిల్ రాకుండా ఆపి, లోపల ఆయిల్ పాకి మీటరు ముల్లు లేచేదాకా సెల్ఫ్ స్టార్టర్ కొట్టాను, మేస్త్రీ చేసినట్టే. ఆ తర్వాత డీజిల్ వదిలాను. ఒక్క దగ్గు దగ్గి అందుకుందండీ! మా ఆవిడ ఎడమ సీట్లోకి ఎక్కగానే, క్షణం ఆలస్యం చేయకుండా గేరు వేశాను.

అద్దంలో నీలం పొగ. సుంకరిమెట్ట దాకా పొగే. ఎత్తు మొదలైంది. ఇంజన్ మూలగకముందే మూడో గేరు నుంచి రెండుకు దించాను, మలుపు దాటాక మళ్ళీ మూడు. బరువు మీద పడుతున్నకొద్దీ దాని గొంతు మారింది. గరగర పోయి గుండ్రటి చప్పుడు వచ్చింది. మిరియాల తీగలు, సిల్వర్ ఓక్ చెట్లు వెనక్కి జరుగుతున్నాయి. నేను స్టీరింగ్ మీద దరువేస్తున్నాను.

"నీలం పొగ తగ్గిందయ్యోయ్!" అని మా ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. చూద్దును కదా, చెప్పులు విప్పేసి పాదాలు రేకుకు ఆనించి కూర్చుంది. "ఎలాగుంది?" అన్నాను.

"నాకేటి తెలుసు? సక్కిలిగిలి పెడతంది" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది.

గాలికొండ మీద రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. వేడి చూశాను, సరిగ్గానే ఉంది. బానెట్ ఎత్తి మూత తిప్పాను. మూత తిరగేసి కన్నం మీద పెట్టి చెయ్యి తీశాను.

"ఎగరదేటి?" అంది మా ఆవిడ, వంగి చూస్తూ.

ఎగరలేదు. కుదురుగా కూర్చుంది. మూత లోపలి గుంటలో ఒక చుక్క ఆయిల్ ఉంది. అది సన్నగా వణుకుతూ, పొద్దుటి ఎండకు మెరుస్తోంది. దాన్ని చూస్తూ సాయంత్రం దాకా అక్కడే నిలబడాలనిపించింది. కానీ ఊరికే ఆన్‌లో ఉంచితే ఆయన ఊరుకోరు. మూత బిగించి, సీటెక్కాను.

"మరి ఎల్లు" అంది మా ఆవిడ, ఎడమ సీట్లోంచి, కాళ్ళు కిందికి ఆనించి.