నేను మార్చేసిన ముఖం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఆటలకు బొమ్మలు వేస్తుంటాను. రెండేళ్ల కిందట ఒక ఆట తయారుచేసేవాళ్లు ఎడారి రాణి కావాలన్నారు. ఇసుక రంగు కవచం, కొమ్ముల కిరీటం, వయసు మళ్లిన మనిషి. ముందు గీతలు, తర్వాత వెలుగునీడలు, ఆ పైన రంగులు. ఒక్కోటీ ఒక్కో పొరలో వేస్తాం. తప్పొస్తే ఆ పొర ఒక్కటే మార్చుకోవచ్చు.

ముఖానికి మామూలుగా మూడు రోజులు పడుతుంది. ఇది ఒక్క పూటలో వచ్చేసింది. ఎడమ కనుబొమ మధ్యలో తెగిన గాటు, ముందు పన్ను చివర విరిగినట్టు పెట్టాను. వాళ్లు అడగలేదు. ఎందుకు పెట్టానో నాకూ తెలియదు. ఎవరి ఫొటో చూసీ వేయలేదు.

అన్నానికి పిలవడానికి వచ్చిన అమ్మ తెర ముందు ఆగిపోయింది.

“ఖాసింబీని నువ్వు యాడ చూసినావు మే?”

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అమ్మా, ఆమే జమ్మలమడుగులో పక్కపక్క ఇళ్లలో పెరిగారట. చిన్నప్పుడు బోరింగు దగ్గర అమ్మ తోస్తే పడి ఆమె పన్ను విరిగింది, కనుబొమ తెగింది. అయినా స్నేహం పోలేదు. ఖాసింబీ పెళ్లప్పుడు ఎవరో చెప్పిన చాడీ నమ్మి అమ్మ అందరి ముందు ఆమెను ఒక మాట అనేసింది. ఆ మాటేమిటో నాకు చెప్పలేదు. ఆమె పులివెందులకు కాపురానికి పోయింది. నేను పుట్టకముందు సంగతి. మా ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

“ఒకసారి పులివెందులకు తీసకపో మే. తప్పయిందని చెప్పొస్తా.”

బొమ్మ పంపేశాక పోదామన్నాను. నాలుగు రోజులకు మళ్లీ అడిగింది. అదే చెప్పాను. మూడోసారి అడగలేదు.

ఈలోగా రాణి మరీ ముసలిదిగా ఉందన్నారు వాళ్లు. ముడతలు తీసేశాను. కనుబొమ కలిపేశాను, పన్ను సరిచేశాను. పొరలన్నీ ఒకటి చేసి, పాత ఫైలు మీదే సేవ్ చేసి పంపాను. ఇక పాత ముఖం తిరిగి తెచ్చుకోవడం కుదరదు.

అమ్మ మొదట అడిగిన పన్నెండో రోజు బస్సెక్కాం. పులివెందులలో వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. తలుపు తీసిన కొడుకు, వాళ్లమ్మ పోయి నాలుగు రోజులైందన్నాడు. అమ్మ తన పేరు చెప్పింది. అతను తలుపు పూర్తిగా తెరిచాడు.

“లక్ష్మీదేవంటే నువ్వేనా పెద్దమ్మా? మంచాన పడినప్పటి నుంచి మాయమ్మది ఒగటే మాట. లక్ష్మీదేవి వస్తాంది, తలుపెయ్యొద్దు అనేది. ఆ పేరు ఈడ మాకెవరికీ తెలీదు.”

మంచాన పడింది ఎప్పుడని అడిగాను. నేను ముఖం వేసిన వారమే. ఫోన్లో ఫొటో చూపించాడు. తెగిన కనుబొమ. విరిగిన పన్ను. బుగ్గ ఎముక కింద నేను వేసిన నీడ కూడా అలాగే ఉంది.

తిరుగు బస్సులో అమ్మ ఒక్కటే అడిగింది. “ఇంటికి పోయినంక ఆ బొమ్మ ఒకసారి చూపించు మే.”

ఆ ముఖం ఇప్పుడు లేదని ఇంటికొచ్చాకే చెప్పాను. ఖాసింబీ కొడుకు దగ్గర ఫొటో తెప్పించుకుని ఎన్నోసార్లు మళ్లీ వేశాను. ప్రతిసారీ అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, బాగుందని చెప్పి వెళ్లిపోతుంది.

చిన్నప్పుడు అమ్మ చెబితే విని మరిచిపోయానేమో అనుకున్నాను. ఆమె పేరే ఎన్నడూ నోట ఎత్తలేదంటుంది అమ్మ. మరి ఆ ముఖం నా చేతికి ఎలా వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టలేదు. పులివెందుల మాకు పూట ప్రయాణం కూడా కాదు. అమ్మ మొదటిసారి అడిగాక ఖాసింబీ ఇంకా ఎనిమిది రోజులు బతికే ఉంది.