యాసిడ్‌లో సోమవారం దాకా ఉండిపోయిన ఎముక ముక్క

2022 ఎండాకాలం. గాజువాకలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను హిస్టోపథాలజీ టెక్నీషియన్‌ని. రోగి శరీరంలోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు స్లైడ్ మీద రంగు వేసి డాక్టరు గారి ముందు పెట్టడం నా పని. రోగుల మొహాలు చూడను, నంబర్లే చూస్తాను. నాకున్న ఓపికకి అదే నయమనుకునేదాన్ని.

అలా వచ్చిన ఒక నంబరు వెనక మనిషి అప్పలనాయుడు. ఊరు సబ్బవరం పక్కన, పని ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద. తుంటి నొప్పని వెళ్తే ఎముకలో కేన్సర్ కనిపించింది. అది ఇంకెక్కడో పుట్టి అక్కడికి పాకింది. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి, పైగా చుట్టలు కాలుస్తాడు. ఊపిరితిత్తుల కేన్సరే అనుకున్నారందరూ. అదే అయితే ఆ దశలో చేయగలిగింది కొంచెమే. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథిది అయితే అయోడిన్ మందుతో ఏళ్ల తరబడి బతకొచ్చు. ఏదన్నది మా రంగులు తేల్చాలి.

కణం లోపల ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లుంటాయి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి లాగా, ఏ జీన్ పనిచేయాలో ఏది ఊరుకోవాలో చెప్పేది అవే. థైరాయిడ్ కణాన్ని థైరాయిడ్‌గా నిలబెట్టేవి పాక్స్-8, టీటీఎఫ్-1 లాంటివి. కొన్ని థైరాయిడ్ కేన్సర్లలో పాక్స్-8 జీన్ విరిగి ఇంకో జీన్‌కి అతుక్కుని, కణాల్ని అదుపు లేకుండా పెంచేస్తుంది. ఎముకలోకి వచ్చినా చాలా కణాలు ఈ గుర్తుల్ని వదలవు కాబట్టి రంగు వేసి పట్టుకుంటాం. టీటీఎఫ్-1 ఊపిరితిత్తిలోనూ ఉంటుంది. పాక్స్-8 మామూలుగా అక్కడ ఉండదు.

స్లైడ్ మీద టీటీఎఫ్-1 లేత గోధుమరంగులో వచ్చింది. పాక్స్-8 ఖాళీ. రంగు పనిచేసిందో లేదో చూడ్డానికి పక్కన పెట్టిన మామూలు థైరాయిడ్ ముక్క మాత్రం నిక్షేపంగా రంగెక్కింది. ఇంకేముంది, ఊపిరితిత్తే. డాక్టరు గారు రిపోర్టు రాయడానికి కూర్చున్నారు.

టీ తాగుదామని బయటికొస్తే అప్పలనాయుడు భార్య సత్యవతి ఎదురైంది.

"మేడమ్, రిపోర్టు ఏటొచ్చింది?"

"డాక్టరు గారు చెబుతారమ్మా. ఎన్నిసార్లు అడుగుతారు?" కసిరాను.

"కోప్పడకమ్మా. ఒక్క మాట సెప్పీసి ఎల్లిపోతాను. ఆయనకి మునుపు మెడకాడ గడ్డొస్తే తీయించీసినాం. మామూలు గడ్డే అన్నారు. నాను సెప్తే ఇక్కడెవులూ రాసుకోలేదు."

మెడ గడ్డంటే థైరాయిడ్‌దే అయ్యుండొచ్చు. టీ సంగతి మరిచిపోయి లోపలికి పరిగెత్తాను. ఎముక కోతకు లొంగదు, అందుకని ముందు యాసిడ్‌లో నానబెడతాం. అప్పలనాయుడి ముక్క చిన్నది కాబట్టి సాయంత్రానికల్లా తీసేయాలి. మా ఆడపడుచు గృహప్రవేశమని నేను శనివారం తొందరగా వెళ్లిపోయాను. ముక్క సోమవారం దాకా అందులోనే ఉంది. యాసిడ్ ఎక్కువైతే మేం వెతికే ప్రోటీన్లు పాడైపోతాయి. పక్కన పెట్టిన థైరాయిడ్ ముక్కకి యాసిడే తగల్లేదు కనక అది బాగుంది. సోమవారం చూసి కూడా ఏం కాదులే అని నోరు మూసుకున్నాను.

"సార్, సంతకం పెట్టకండి" అని జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. "సీసాలో ఏమైనా మిగిలిందా?"

"ఎముకని అంటుకున్న మెత్తటి ముక్క, గోరంత ఉంది సార్. యాసిడ్‌లో వెయ్యలేదు."

"మరి నిలబడ్డావేం? వెళ్లి చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నం ఆయన పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. కణాల కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగు. పాక్స్-8. థైరాయిడే. నాకు ఏడుపు ఆగలేదు.

మెడలో మిగిలిన థైరాయిడ్ తీసేసి అయోడిన్ ఇచ్చారు. అప్పలనాయుడు ఇప్పుడు స్టూలేసుకుని లేత్ పని చేస్తున్నాడు. ఏడాది తర్వాత సత్యవతి రక్తపరీక్షకని ఆయన్ని తీసుకొచ్చి, "నువ్వే గదమ్మా బతికించినావు" అని నా చేతులు పట్టుకుంది. ఆ మాట మొయ్యలేక ఉన్నదంతా చెప్పేశాను.

ఆవిడ నన్నే చూసింది. "అయితే ఆ దినం నువ్వు కసిరినావని నాను ఎల్లిపోయుంటే?"

చేతులు వెనక్కి తీసుకోబోయాను, ఆవిడ వదల్లేదు.

"ఎల్లలేదు గదా. ఊరుకో తల్లీ" అంది.

ఇప్పుడు ఎముక వచ్చిందంటే కొంచెం ముక్క యాసిడ్‌కి దూరంగా దాచాకే మిగతా పని. రంగు వేసేముందు నేనే బయటికెళ్లి, ఇదివరకు ఏమైనా గడ్డలు తీయించారా అని ఇంట్లోవాళ్లని అడుగుతాను. వాళ్లు పదిసార్లు చెప్పినా వింటాను. అప్పలనాయుణ్ని బతికించింది నేను కాదు, కసిరినా కదలకుండా నిలబడిన సత్యవతి. ఇవాళ నేను ఈ పనిలో తలెత్తుకుని ఉన్నానంటే అదీ ఆవిడ పెట్టిన భిక్షే.